టిక్కెట్ల చీర

"బుధవారం. గిది గూడ బుధవారమే. ఇగో, గిది చూడు, మళ్ల బుధవారం."

అంజిలయ్య బొమ్మ ముందు పీట వేసుకొని కూర్చుని అరగంటయింది. చేతిలో భూతద్దం. పక్కన పెట్టిన చాయ్ మీగడ కట్టి చల్లారిపోయింది. సోమవారం సాయంత్రం పూట, కోడలు నర్మద చేసిన బొమ్మ ఎట్లా వచ్చిందో చూద్దామని ముచ్చటపడి కూర్చున్న మనిషి ఇప్పుడు దొంగ దొరికినవాడిలా ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

బొమ్మ ఆరడుగుల ఎత్తుంటుంది, చెక్కపలక మీద అంటించి చేసింది. నిన్ననే ఇంటికి తెచ్చి ముందుగది గోడకు ఆనించి పెట్టారు. నడుం మీద చెయ్యి వేసి, ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డ ఆడమనిషి. ఒళ్లంతా సిమెంటు సంచుల కాగితం, జుట్టు గోనెపీచు, చేతులకు నిజం గాజుముక్కలు, కాళ్లకు తెగిపోయిన హవాయి చెప్పుల పట్టీలు. బొగ్గుతో గీసిన కళ్లు తిన్నగా మనవైపే చూస్తాయి. పక్కకు జరిగినా వదలవు.

ఇక చీర. అది కుంచెతో వేసింది కాదు. ఆడవాళ్లకు బస్సులో ఊరికే ఇచ్చే జీరో టిక్కెట్లు, వెయ్యికి పైగా, ఒకదాని పక్కన ఒకటి అంటించి పైన పల్చగా పసుపురంగు పూసింది నర్మద. స్కూల్లో డ్రాయింగ్ చెప్పుకుంటూ, ఇంటిపని చేసుకుంటూ, అయిదు నెలలు ఆ చీరతోనే కాపురం చేసింది. హైదరాబాద్‌లో జరిగే ప్రదర్శనకు ఆ బొమ్మను ఎంపిక చేశారు. ఎల్లుండి, అంటే బుధవారం పొద్దున, బండి వచ్చి తీసుకుపోతుంది.

నర్మదకు టిక్కెట్టంటే ఒక రకం కాగితం. మామకు అట్లా కాదు. ముప్పై మూడేళ్లు కండక్టరు పని చేసి రిటైరైన మనిషి. కిరాణా కొట్లో పొట్లం విప్పినా, రోడ్డు మీద కాలికి తగిలినా, టిక్కెట్ కనబడిందంటే చదవకుండా ఉండలేడు. కుచ్చిళ్ల దగ్గర సరదాగా మొదలుపెట్టాడు. భుజం మీదుగా ముందుకు జారిన కొంగు దగ్గరికి వచ్చేసరికి సరదా పోయింది.

"పర్మేశ్, ఇటు రా," అని కొడుకును పిలిచాడు.

పరమేశ్వర్ అప్పుడే పని నుంచి వచ్చాడు. మహేశ్వరం వైపు ప్లాట్ల వెంచర్‌లో సూపర్‌వైజరు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"కొంగు మీదియన్ని ఒక్క తీర్గనే ఉన్నయ్. పోయేటియి పదీ నలభైకి, మన ఇబ్రహీంపట్నం నుంచి మంచాల. వచ్చేటియి పన్నెండూ ఇరవైకి, మంచాల నుంచి ఇబ్రహీంపట్నం. జూన్ నుంచి సెప్టెంబర్ దాంక బుధవారం తప్పలే. వినాయకచవితి బుధవారమే వచ్చె గద, గా ఒక్క దినం లేదు."

"అయితేంది బాపు? ఎవ్వలో పోయిరి."

"ఎవ్వలో గాదు. పండుగనాడు ఇల్లు దాటని మనిషి. పోయి గంటల తిరిగొస్తున్నదంటె పనికి పోతలేదు, చుట్టాలింటికి పోతలేదు. మరి గంటసేపు గాడ ఏం పని?"

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ భూతం అంజిలయ్య ఇంట్లో కొత్తగా వచ్చిందీ కాదు. ఉద్యోగం చేసిన రోజుల్లో అన్నం దగ్గర కూర్చుంటే ఆయన చెప్పే కథలన్నీ బస్సెక్కిన ఆడవాళ్లవే. ఫలానా ఆమె ఊరు కాని చోట దిగింది, ఫలానా ఆమె టిక్కెట్ ఒక ఊరికి తీసుకొని ఇంకో ఊళ్లో దిగింది. పని లేకుండా బస్సెక్కే ఆడదాని వెనక ఏదో ఒకటి ఉండకపోదు అని తేల్చి చెయ్యి కడుక్కునేవాడు. భార్య మాణిక్యమ్మ ఆ కథలన్నీ వింటూ మజ్జిగ పోసేది.

నర్మదను పిలిచి అడిగారు. టిక్కెట్లు ఎవరెవరివని. తనవి కొన్ని, స్కూల్లో టీచర్లవి చాలా, స్టాఫ్‌రూములో తోటి టీచరు సాయిమా డబ్బా పెట్టి పోగుచేసిందని చెప్పింది. ఆ టీచర్లలో మంచాల నుంచి వచ్చేవాళ్లెవరని మామ అడిగితే ఎవరూ లేరని నిజమే చెప్పింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పరమేశ్వర్ హెల్మెట్ కింద పెట్టి, మామూలు గొంతుతో, "బుధవారం నువ్వేడుంటవ్?" అన్నాడు.

"స్కూల్ల. ఎక్స్‌ట్రా పీరియడ్లుంటయని చెప్పిన గద."

పరమేశ్వర్ వరండాలోకి పోయి ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. బుధవారం మేడమ్ మొదటి పీరియడ్ కాగానే పదింటికే వెళ్లిపోతుందని స్కూల్ క్లర్కు చెప్పాడట. ఎప్పటి నుంచి అని అడిగితే, స్కూళ్లు తెరిచినప్పటి నుంచీ అన్నాడట.

అబద్ధం చిన్నదే. నర్మద బుధవారాలు సాయిమా వాళ్ల మేడ మీది గదిలో ఈ బొమ్మ దగ్గరే గడిచాయి. ఇంట్లో ఆరడుగుల బొమ్మ చేసుకోవడానికి జాగా లేదు. బొమ్మకోసం పూటంతా బయట ఉంటానంటే పరమేశ్వర్ మొహం మాడ్చుకుంటాడు. ఆ సణుగుడు పడలేక స్కూల్ పేరు చెప్పింది. ఇప్పుడు ఆ సంగతి ఎంత వివరంగా చెబితే అంత కట్టుకథలా వినబడసాగింది.

"సాయిమాను అడుగు," అంది చివరికి.

"సాయిమా నీ దోస్తు. నువ్వేం చెప్పమంటె గదే చెప్తది," అన్నాడు పరమేశ్వర్.

నర్మదకు ఒళ్లు మండింది. కోపంగా బొమ్మవైపు తిరిగి, ఏ టిక్కెట్లు చూసి ఇంత రాద్ధాంతమని కొంగు దగ్గరికి వంగింది. వంగిన మనిషి అట్లాగే ఆగిపోయింది.

కొంగు మీది టిక్కెట్లకు మడతలున్నాయి. ప్రతి టిక్కెట్ నాలుగు మడతలు పెట్టి విప్పింది. ఆ గీతలు అందంగా ఉన్నాయని, చీర మడతల్లాగే ఉన్నాయని, ఏరి ఏరి కొంగుకు అంటించింది తనే. అవి స్టాఫ్‌రూము డబ్బాలోవి కావు. అక్టోబర్ మొదట్లో, కొంగుకు టిక్కెట్లు చాలక, "అత్తమ్మా, మీ దగ్గర బస్సు టిక్కెట్లేమన్న ఉన్నయా?" అని ఊరికే అడిగింది. మర్నాడు మాణిక్యమ్మ ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి మాట్లాడకుండా చేతిలో పెట్టింది. ఈ ఇంట్లో రేషన్ చీటీ అయినా, దవాఖాన చీటీ అయినా నాలుగు మడతలు పెట్టేది ఒక్క మాణిక్యమ్మే.

నర్మద తల ఎత్తి చూసింది. వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త చెయ్యి ఆగిపోయి ఉంది.

టిక్కెట్ మీద తేదీ, టైము, ఊరు రాసుంటాయని కూడా తెలియదు ఆమెకు. కండక్టరు భార్యగా ముప్పై మూడేళ్లు బతికిన మనిషికి ఆ ముక్క తెలియకపోవడం వింతే. చదువు రాదు, ఎవరూ చెప్పలేదు. పైసా లేని టిక్కెట్ అందరిదీ ఒకటే అనుకుంది. ఇక చదువొచ్చిన కోడలు రంగు చూసింది, మడత చూసింది, అక్షరం మాత్రం చూడలేదు.

నర్మద అత్త పేరు చెప్పబోయింది. ఆమె కళ్లు చూసి మానుకుంది.

*

మంగళవారం పొద్దున అంజిలయ్య కొత్త సంగతి బయటపెట్టాడు. ప్రతి టిక్కెట్ మీద దాన్ని ఇచ్చిన కండక్టరు నంబరుంటుంది. డిపోలో ఇంకా తెలిసినవాళ్లున్నారు. పదహారు బుధవారాలు ఒకే టైముకు ఎక్కిన మనిషిని ఏ కండక్టరూ మర్చిపోడు. ఆమె ఎట్లా ఉంటుందో, ఎక్కడ దిగుతుందో, ఎవరైనా కలుస్తారో, అన్నీ చెబుతాడు. నంబర్లు సన్నగా ఉన్నాయి, భూతద్దంతో చూసినా తన కళ్లకు ఆనడం లేదు, రాసిపెట్టమని కొడుకుకు కాగితం, పెన్ను ఇచ్చాడు.

పరమేశ్వర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెలుగు సరిగ్గా కొంగు మీదే పడుతోంది. మొదటి నంబరు రాశాడు. రెండోది రాయబోయి ఆగాడు. వేలితో ఒక టిక్కెట్ మీది మడత గీతను అడ్డంగా తడిమాడు, తర్వాత నిలువుగా. ఇంకో టిక్కెట్ మీదా అట్లాగే. చిన్నప్పుడు వాళ్లమ్మ అతని లంచ్ డబ్బా కింద నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు దాచి పంపేది. ఆ సంగతి పెళ్లయిన కొత్తలో నర్మదకు తనే చెప్పాడు, కళ్లలో నీళ్లు పెట్టుకొని మరీ.

అతని చెవులు ఎర్రబడటం నర్మద చూసింది. లేచాడు. రాసిన కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"నంబర్లు కనబడ్తలేవు బాపు. రంగు కింద పడిపోయినయ్."

"కనబడకుంటె ఊడబీకుడే," అన్నాడు అంజిలయ్య. "రేపు పొద్దుగాల చాకుతోని కొంగు గీకి, టిక్కెట్లు డిపోకే తీస్కపోత. తేలేదాంక గీ బొమ్మ గడప దాటది."

పరమేశ్వర్ హెల్మెట్ అందుకున్నాడు. బండి తీయడానికి వాకిట్లోకి పోయాడు. నర్మద వెనకే వెళ్లింది. అరవలేదు. పక్కింటివాళ్లు వింటారనే భయం కంటే, అరిస్తే ఏడుపొస్తుందనే భయం ఎక్కువగా ఉంది.

"మడతలు చూసినవ్ నువ్వు."

"ఏం మడతలు?"

"నీకెర్క. గవి నాయి గావని నీకిప్పుడు ఎర్క."

అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ బిగించుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మను నేనెట్ల అడగాలె?" అన్నాడు నేలవైపు చూస్తూ.

"నన్నడిగినవ్ గద. గట్లనే."

బండి స్టార్టయింది. సందు మలుపు దాటేదాకా నర్మద అక్కడే నిలబడింది. పెళ్లాన్ని నిలదీయడానికి రెండు నిమిషాల్లో ఫోన్ తీసిన మగవాడు, నిజం తెలిసిన తర్వాత దాన్ని జేబులో పెట్టుకొని డ్యూటీకి పోయాడు. ఇట్లాంటి వాళ్లను మంచివాళ్లు అంటుంటారు మనవాళ్లు, ఎవరిమీదా చెయ్యెత్తరు కాబట్టి.

*

ఆ మధ్యాహ్నం అంజిలయ్య భోంచేసి పడుకున్నాక నర్మద ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. మాణిక్యమ్మను ముందుగదిలోకి పిలిచింది.

నర్మద ఉపాయం సులువైనదే. బస్సు టిక్కెట్ కాగితానికి వేడి తగిలితే మొత్తం నల్లబడిపోతుంది. మొదట్లో నలిగిన టిక్కెట్లను సాపు చేద్దామని ఇస్త్రీ చేసి, నల్లబడేసరికి లబోదిబోమంది. తర్వాత అదే పనికొచ్చింది. చీరకున్న నల్లటి అంచు అట్లా వచ్చిందే. ఇప్పుడు కొంగు మీద పెట్టె ఒక్కసారి పోనిస్తే చాలు. తేదీ లేదు, ఊరు లేదు, కండక్టరు నంబరు లేదు. నల్లకొంగు అనుకుంటారు చూసేవాళ్లు.

మాణిక్యమ్మ అంతా విన్నది. ఇస్త్రీపెట్టె వైపు చూడలేదు. కొంగు దగ్గరికి పోయి ఒక టిక్కెట్ మీద వేలు పెట్టింది.

"గిదాంట్ల ఏం రాసుంది?"

"జూన్ పద్దెనిమిది. పదీ నలభై. మంచాల."

"జూన్..." ఆమె లెక్క వేసుకుంది. "అవ్, ఆ దినం వానొచ్చింది. కిటికీ అద్దం పడలే. చీరె ఒకదిక్కు తడిసింది. ఇంటికొచ్చి మార్చుకున్న." వేలు ఇంకో టిక్కెట్ మీదికి జరిపింది. "గిది?"

"జులై తొమ్మిది."

"గప్పుడు పత్తిచేన్లు జర లేసినయ్. ఆడోళ్లు కలుపు తీస్తుండ్రు. ఒకామె బస్సు దిక్కు చూసి చెయ్యూపింది. నాకే ఊపింది. నేను గూడ ఊపిన."

ఆగస్టు ఇరవై చదివితే, ఆ రోజు పక్కన ఒక పిల్ల కూర్చుందనీ, పరీక్షకు పోతూ పుస్తకం ఒళ్లో పెట్టుకొని తన భుజం మీదే నిద్రపోయిందనీ, లేపడానికి మనసొప్పలేదనీ చెప్పింది. చెబుతుంటే ఆమె మొహంలో ఒక వెలుగు. ఆ వెలుగు చూసి నర్మదకు సంతోషం కలగాలి. అనుమానం కలిగింది.

"మంచాల్ల దిగి ఏం చేస్తరు అత్తమ్మా?"

"ఏం చేస్త? స్టాండుల సిమెంటు బల్ల ఉంటది. గాడ కూసుంట. చాయ్ తాగుత. బస్సు మళ్లొస్తది, ఎక్కుత."

"గాడ మనోళ్లెవ్వలన్న...?"

"ఎవ్వలు లేరు."

నర్మద ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఎవరూ లేకుండా, పనీ లేకుండా, ఆరుపదులు దాటిన మనిషి దొంగచాటుగా పదహారు బుధవారాలు పోతుందా? మామ తన రిటైరైనవాళ్ల కూటానికి పోయే రోజే చూసుకొని మరీ? వంట పొద్దున్నే ముగించుకొని, ఆయన తిరిగొచ్చేలోగా ఇంట్లో ఉండేటట్టు?

చూశారా. నిన్న సాయంత్రం నుంచీ ఎవరి అనుమానం తనను కాల్చిందో, అదే నర్మద నోట్లోకి వచ్చి కూర్చుంది. మాణిక్యమ్మ కూడా పసిగట్టింది.

"నువ్వు గూడ గట్లనే చూస్తున్నవ్," అంది. నిష్ఠూరంగా కాదు, ఎండ వచ్చిందన్నట్టు అంది.

నర్మద తలదించుకొని ఇస్త్రీపెట్టె అందుకుంది. అయిదు నిమిషాల పని, మామ లేవకముందే అయిపోతుంది అంది.

"వద్దు."

"అత్తమ్మా, రేపు గీకుతరు. డిపోల అడిగితె మీ పేరే బయటికొస్తది."

"నల్లగ చెయ్యకు. నల్లగైతె నేను పోనట్టే అయితది."

 అయినా నర్మద అనవలసింది అనేసింది. "మీరు చెప్పకుంటె గిదంత నా మీదికొస్తది. ఆయన నన్ను నమ్ముతలేడు. బొమ్మ గూడ పోతది. అయిదు నెల్లు చేసిన అత్తమ్మా."

 ఎండబెట్టిన మిరపకాయలు తిరగెయ్యాలని మాణిక్యమ్మ మేడ మీదికి పోయింది. వేడెక్కిన ఇస్త్రీపెట్టె పట్టుకొని నర్మద అట్లా నిలబడి ఉండిపోయింది. కొంగుకూ పెట్టెకూ మధ్య జానెడు దూరం. చేసేస్తే అడిగేవాళ్లెవరు? బొమ్మ తనది. పరువు తనది. అత్త మీద మొదటిసారి పీకలదాకా కోపం వచ్చింది. తర్వాత ప్లగ్గు పీకేసి, మంచం మీద పడి ఏడ్చింది.

*

బుధవారం తొమ్మిదిన్నరకు బండి వచ్చింది. దిగిన ఇద్దరు మనుషులు దుప్పట్లు, తాళ్లు తెచ్చి, చెప్పులు విడిచి లోపలికి రాబోయారు. అంజిలయ్య ఆగమన్నాడు. ఆయన చేతిలో కూరగాయల చాకు ఉంది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని వాకిట్లోనే నిలబడ్డారు.

పరమేశ్వర్ పనికి పోలేదు. కుర్చీలో కూర్చొని ఫోన్ చూస్తున్నాడు. ఫోన్ వెలగడం లేదు.

నర్మద బొమ్మకు అడ్డంగా నిలబడింది. వెనక ఆరడుగుల మనిషి, ముందు అయిదడుగుల మనిషి. మామ జరగమన్నాడు. జరగలేదు. ఇంటి పరువు కోసమే చేస్తున్నానన్నాడు. ఆ మాటకు నర్మద భర్తవైపు తిరిగింది.

"గవి నాయి గావు మామా. ఎవ్వలియో మీ కొడుకుకు ఎర్క. అడుగుండ్రి."

అంజిలయ్య కొడుకును చూశాడు. వాకిట్లో నిలబడ్డవాళ్లూ చూశారు. పరమేశ్వర్ నోరు ఒకసారి తెరుచుకొని మూసుకుంది.  నర్మద ఆ మౌనాన్ని చివరిదాకా విన్నది. పదేళ్ల కాపురంలో అతను తనతో ఇంత స్పష్టంగా ఏదీ చెప్పలేదనిపించింది.

"గవి నాయి."

మాణిక్యమ్మ లోపలి నుంచి వచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకుంది. చేతిలో గుడ్డసంచి. కాళ్లకు చెప్పులు ఇంట్లోనే వేసుకుంది.

అంజిలయ్య నవ్వాడు. "నీయా? నీకు బస్సెక్కుడు గూడ రాదు."

"ముందు తలుపుల నుంచి ఎక్కుత. ఆధార్ కార్డు చూపిస్త. మూడో సీటు కిటికీ దొరుకుతది, జర ముందుగాల్ల పోతె."

నవ్వు ఆయన మొహం మీదే ఎండిపోయింది. చాకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"మంచాల్ల ఎవ్వలున్నరు?"

"ఎవ్వలు లేరు."

"మరెందుకు పోయినవ్?"

"ఊకెనే."

ఆ ఒక్క మాట అంజిలయ్యకు మింగుడు పడలేదు. ఏ పేరు చెప్పినా తట్టుకునేవాడేమో. కోప్పడటానికి ఒక మనిషి, తిట్టడానికి ఒక ఇల్లు దొరికేవి. ఊకెనే అన్నదాన్ని ఏం చేయాలి? ఎక్కడని వెతకాలి?

"ఊకెనే ఎవ్వలన్న పోతరా?"

"నువ్వు ముప్పై మూడేండ్లు దినాం పోయినవ్. ఏం చూసినవ్, ఎవ్వలను చూసినవ్ అని నేనెన్నడన్న అడిగిన్నా?"

"అది డ్యూటీ."

"ఇంటోళ్లకు పాసులొచ్చేటియి. నీ అంగి జేబులనే పెట్టుకుంటివి. ఏడికన్న పోదామంటె, పనిలేక బస్సెక్కే ఆడోళ్ల సంగతి నాకెర్క అంటివి. గా ఆడోళ్లు కిటికీల నుంచి ఏం చూస్తరో నాకు తెల్వాలనిపించింది. గంతే." ఆమె సంచిని రెండో చేతిలోకి మార్చుకుంది. "పొయ్యి మీద పప్పున్నది. పదీ నలభైకి బస్సు."

ఎవరూ ఆపలేదు. ఆపితే ఏమనాలో తెలిస్తే కదా. బొమ్మ ముందు నుంచి పోతూ మాణిక్యమ్మ ఒక్కసారి కొంగు వైపు చూసింది. చెప్పులు టపటప కొట్టుకుంటూ సందులోకి పోయాయి.

అంజిలయ్య చాకు కిటికీ మీద పెట్టాడు. బొమ్మను తీసుకుపొమ్మనలేదు, వద్దనలేదు. వాకిట్లోవాళ్లు ఇంకాసేపు చూసి, లోపలికి వచ్చి దుప్పట్లు చుట్టారు. పరమేశ్వర్ లేచి ఒక పక్క పట్టుకున్నాడు. బండిలో పెట్టాక, బొమ్మ వెంట పోవడానికి ఎక్కబోతున్న నర్మద దగ్గరికి వచ్చాడు.

"నర్మదా, నేను చెప్దామనే..."

"చెప్పలే," అంది నర్మద. "నన్ను గీకుతుంటె గూడ చెప్పవు నువ్వు. గది నాకు ఎర్కైంది."

తలుపు వేసుకుంది. సాయంత్రం తిరిగి వస్తావా అని అతను అడగలేదు. వస్తానని ఆమె చెప్పలేదు.

బస్టాండు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ముందు మంచాల బస్సు అడ్డంగా నిలబడి ఉంది. జనం ఎక్కుతున్నారు. నర్మద అద్దం దించింది. మూడో సీటు కిటికీలో చిలకపచ్చ చీర. మాణిక్యమ్మ గుడ్డసంచిని పక్క సీట్లో పెట్టి కూర్చుంది.

అప్పుడు కనబడ్డాడు అంజిలయ్య. ఆదరాబాదరాగా వచ్చినట్టున్నాడు, అంగీ గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు. ఆమెను పట్టుకోవడానికి వచ్చాడో, నిజంగానే మంచాలలో ఎవరూ లేరా అని చూడటానికి వచ్చాడో, మరెందుకు వచ్చాడో నర్మదకు అర్థం కాలేదు. ఆయన మొహం చూస్తే ఆయనకూ అర్థమైనట్టు లేదు.

బస్సులో కండక్టరు చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. టిక్కెట్ మిషన్ చేతిలో పట్టుకొని మెట్ల దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, ఏడికి?"

ముప్పై మూడేళ్లు దారిపొడుగునా అందరినీ ఆయనే అడిగిన మాట అది. మూడు రోజులుగా ఇంట్లోవాళ్లనూ అదే అడిగాడు. ఇప్పుడు పెదవులు కదిలాయి కానీ ఊరి పేరేదీ బయటికి రాలేదు. భార్య వైపు చూశాడు. మాణిక్యమ్మకు వినబడింది. కిటికీలోంచి తల తిప్పలేదు. పక్క సీట్లో సంచి తీయలేదు.

వెనకనుంచి ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కండక్టరు పిల్ల విజిల్ నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఎక్కుతవా, దిగుతవా? జల్ది చెప్పు పెద్దాయనా, బస్సంత నీ కోసమే ఆగింది."